మన్యపు చలికి బొంత: కుట్టు పద్ధతియు పనిముట్ల పోషణయు

హేమంత శిశిరములను వర్ణించు కవులు గడ్డిపోచల మీది మంచుబిందువులను ముత్యములతో బోల్చుదురు. గృహిణికి అంత తీరిక లేదు. చలి వచ్చుచున్నదనగానే ఆమె చేయునది లెక్క. ఇంటిలో నెందఱున్నారు, కప్పుకొనుటకు ఎన్ని యున్నవి, పసిబిడ్డ యెవరి ప్రక్కను బరుండును, వేళగాని వేళ చుట్టము వచ్చినచో నేమి యిత్తుము? మైదానపు గ్రామములలో ఈ లెక్కకు ఒక దుప్పటి తక్కువైనను ఎట్లో సరిపుచ్చుకొనవచ్చును. తూర్పుకనుమలలో మాత్రము అట్లు సరిపుచ్చుకొనుటకు వీలులేదు.

అరకులోయ సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల యెత్తున నున్నది. పాడేరు ముఖ్యపట్టణముగా 2022 ఏప్రిల్ 4వ తేదీన నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నిది చేరినది. అదే జిల్లాలో చింతపల్లి దాపున నున్న లంబసింగిలో కొన్ని యేండ్లలో ఉష్ణమానము సున్న డిగ్రీల చెంతకు దిగును. పుష్యమాసపు తెల్లవారుజామున ఈ కొండలలో పొగమంచు ఇంటి చూరు వఱకు దిగివచ్చి, ప్రొద్దెక్కినదాక విడువదు. అట్టిచోట కప్పుకొను వస్త్రము అలంకారము గాదు. శిశువునకును వృద్ధులకును అది ప్రాణరక్షణమే. నవజాతశిశువు దేహోష్ణము 36.5 డిగ్రీల సెల్సియసుకంటె తగ్గినచో ప్రమాదమునకు నాంది యని వైద్యులు చెప్పుదురు. పెద్దవారికి వణకు మాత్రమే పుట్టించు చలి పసికందునకు పాలు త్రాగు శక్తిని సైతము హరింపగలదు.

ఇందులకు మన పూర్వులు కనుగొన్న సులభోపాయము బొంత. నేడు సంతలలో పాలిస్టరు కంబళ్లు చౌకగా దొఱకుచున్నవి. బొంత కప్పుకొనుట బీదతనమునకు గుర్తని తలంచువారును బయలుదేఱినారు. మేము కంబళిని దూషింపము. కాని మన్యపు టిండ్లలో చలికాలమంతయు జనులు పొయ్యిచుట్టును, నెగడిచుట్టును గూర్చుందురు. పాలిస్టరుపై నిప్పురవ్వ పడినచో అది కరగి చర్మమునకు అంటుకొనును. నూలుగుడ్డయు గాలును, సందేహములేదు. దానినైనను మంటకు దూరముగానే యుంచవలెను. అయినను అది కరగి ఒంటిని బట్టుకొనదు. విదిలించి పాఱవైచుటకు వ్యవధి దొఱకును. అదియుగాక బొంత చెమటను బీల్చును, ఉడుకునీటికి ఓర్చును, చినిగినచోట మరల నతుకు వేయించుకొనును. ఇన్నిటికిని మించి, అది యింటిలో నున్న పాతచీరలతోనే సిద్ధమగును.

బొంతకు సంస్కృతమున కంథ యని పేరు. వంగదేశమున కాంథా యనియు, కన్నడమున కౌది యనియు, మహారాష్ట్రమున గోధడి యనియు దానినే పిలుతురు. ఉత్తరకన్నడ జిల్లా యడవులలోని సిద్దీ స్త్రీలు తమ బొంతలకు నాలుగు మూలలను చిన్నగుడ్డముక్కలను త్రికోణములుగా మడిచి పువ్వులవలె కుట్టుదురు. సూదిపనిని మన పెద్దలు తక్కువగా జూడలేదు. అరువదినాలుగు కళలను లెక్కించునపుడు వాత్స్యాయనుడు సూచీవానకర్మమును జేర్చెను. ఋగ్వేదమున రాక యను దేవతను స్తుతించుచోట సూదిప్రస్తావన కలదు. అమరకోశము కుట్టుపనివానికి తున్నవాయుడు, సౌచికుడు అను పేళ్లను జెప్పినది.

ఈ కనుమలలోని సోదరీమణులకు నూలుతోడి నేర్పు మనము చెప్పవలసినది గాదు. గదబ స్త్రీలు కేరంగ యను పొద నారను పత్తినూలుతో గలిపి చారలచారల వస్త్రమును స్వయముగా నేయుచుండిరి. ఎల్లకు ఆవల నియమగిరి కొండలలోని డోంగ్రియా కంధ స్త్రీలు ముదుకబట్టపై ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ దారములతో కొండల యాకారమున త్రికోణములు కుట్టు కప్డాగండా యను శాలువకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. దిగువన శ్రీకాకుళము జిల్లా పొందూరులో ఖద్దరు వడకు స్త్రీలు కొండపత్తిని వాలుగచేప దవడపండ్లతో దువ్వి శుభ్రపఱతురు. చేతికి దొఱకినదానితో పనిముట్టును గావించుకొనుట ఈ ప్రాంతపు స్త్రీల సహజగుణము. ఈ వ్యాసమునందు మేము చెప్పబోవునది ఆ నేర్పునకు తోడగు కొన్ని మెలకువలు మాత్రమే.

గుడ్డలను సిద్ధపఱచుట

బొంతకు పలుమాఱు ఉతికిన నూలుచీర, పంచె, దుప్పటి శ్రేష్ఠములు. కొత్తగుడ్డ బిఱుసుగా నుండి సూదిని సాగనీయదు. ఉతికిన పిదప క్రుంగి ముడుతలు పడును. నూలును, పట్టును, పాలిస్టరును ఒకే బొంతలో గలుపరాదు. ఒకటి క్రుంగి, ఇంకొకటి క్రుంగక, రెండు ఉతుకులలో బొంత బుడగలు బుడగలుగా లేచును. గుడ్డ యేజాతిదో తెలియనిచో ఒక పోగు లాగి దీపమున గాల్చి చూడవలెను. నూలు కాగితము కాలినట్లు వాసన వచ్చి మెత్తని బూడిదయగును. పాలిస్టరు కరగి గట్టి పూసయగును. ఈ పరీక్షను పిల్లలు దగ్గఱ లేనప్పుడు చేయుట మంచిది.

ఎఱుపు, నీలి గుడ్డలు రంగు విడుచునో లేదో ముందుగా జూడుడు. తడిపిన తెల్లగుడ్డను వానిపై నదిమి రుద్దినచో తెలియును. రంగు విడుచు గుడ్డను ఒంటరిగా నుతికి, నీరు తేటపడిన పిమ్మటనే వాడవలెను. చీరను వెలుతురునకు ఎత్తిపట్టి చూచినచో పలుచబడినచోట్లు స్పష్టముగా గానవచ్చును. సాధారణముగా కూర్చుండుచోట చీర మొదట సన్నగిలును. ఆ భాగమును దీసివేయుడు, లేదా లోపలిపొరలలో నిలుపుడు. అంచులు గట్టివి గనుక వానిని చించి వేఱుగా దాచుకొన్నచో బొంత చుట్టును బట్టీగా వేయుటకు పనికివచ్చును.

లెక్క యిట్లున్నది. చీర అయిదున్నర మీటర్ల పొడవు, మీటరు మీద కొంత వెడల్పు. దానిని నడుమకు గోసి, రెండు ముక్కలను నిలువున జేర్చి కుట్టినచో, పలుచనిభాగములు పోగా రమారమి రెండుంబావు మీటర్ల చదరము వచ్చును. ఇది యిద్దఱు కప్పుకొను బొంతకు ఒక పొర. మైదానమున మూడు పొరలు చాలును. మన్యమున అయిదు వేయుట మేలు. నూలుచీర ఇంచుమించు అరకిలో తూగును గనుక అట్టి బొంత రెండున్నర కిలోలుండును. అంతకు మించి పొరలు వేసినచో తడిసినప్పుడు ఒక్కతె యెత్తి పిండజాలదు. పిల్లవానికైనచో ఒక్క చీరను సగము చేసి రెండు పొరలు దీయవచ్చును.

కొందఱు లోపల దూదిని బెట్టుదురు. పత్తిదూదియైనచో ఏకించి, సమముగా బఱచి, కుట్టువరుసలను దగ్గఱ దగ్గఱగా నడుపవలెను. లేనిచో ఉతికినంతనే దూది యొకమూలకు జేరును. ఈ కొండలలో బూరుగుచెట్లు విస్తారము. బూరుగుదూది తేలిక, నీటిని పీల్చదు, తలగడలకు మిక్కిలి యనువు. కాని దాని పోగులు నునుపు, పొట్టి, ఒకదానినొకటి పట్టుకొనవు. కావున బొంతలో జాఱిపోవును. త్వరగా అంటుకొను గుణమును గలదు గనుక పొయ్యి దాపున నుండు వస్తువులలో దానిని నింపకుండుటయే క్షేమము.

పొరలు పఱచుట

బొంత వెచ్చదనము గుడ్డలో లేదు. గుడ్డలనడుమ నిలిచిన గాలిలో నున్నది. గాలి కదలక నిలిచినచో దేహపు వేడిమి బయటికి బోదు. ఈ రహస్యము తెలిసినవారికి తక్కిన నియమములన్నియు తమంతట తెలియును. పొరలు తడిగా నున్నచో గాలికి బదులు నీరు చేరి చలిని లోనికి దెచ్చును. కావున ప్రతిగుడ్డయు ఫెళఫెళ ఎండినదై యుండవలెను. వరుసలు మరీ దగ్గఱగాను, దారము మరీ బిగువుగాను నున్నచో గాలి నిలుచుటకు చోటుండదు. మరీ దూరమైనచో పొరలు జాఱును. నాలుగు సెంటీమీటర్ల యెడము, అనగా రెండువ్రేళ్ల వెడల్పు, ఉభయతారకము.

శుభ్రమైన గచ్చుపైగాని, అలికి యాఱిన నేలపై చాప వైచిగాని అడుగుపొరను బఱచి, మూలలయందు నున్నని రాళ్లను బెట్టుడు. ఒక్కొక్క పొరను బఱచినపుడు అఱచేతితో నడుమనుండి అంచులకు దువ్వవలెను. అంచులనుండి నడుమకు దువ్వినచో ముడుత నడుమ జిక్కి శాశ్వతముగా నిలిచిపోవును. పడుగుపోగులన్నియు ఒకే దిక్కున నుండునట్లు చూచుకొనుడు. గుడ్డ నిలువున సాగదు, ఐమూలగా సాగును. దిక్కులు మాఱినచో బొంత ఉతికినకొలది మెలిదిరుగును. జోడింపు కుట్లు ఒకదానిపై నొకటి పడకుండ ఒక్కొక్క పొరను జానెడు ప్రక్కకు జరుపుట మంచిది. లేనిచో అచ్చట మాత్రమే కట్టవలె లేచి సూదిని విఱుచును.

పిమ్మట నడుమనుండి నాలుగుమూలలకును, నాలుగంచులకును దూరదూరముగా కుట్టు వేయవలెను. దీనిని దర్జీలు కచ్చాకుట్టు అందురు. దీనికి కంటికి దెలియు వేఱురంగు దారము వాడినచో తరువాత విప్పుట సులభము. తొందరపడి దీనిని మానినచో చివరకు ఒకవైపు అడుగుపొర బయటికి వచ్చి, పైపొర కుఱుచయగును. కచ్చాకుట్టునకు పట్టు ఒక్క పూట పది దినముల కుట్టును గాపాడును.

కుట్టు

బొంతకుట్టు తిన్నని కుట్టు. సూది క్రిందికిని మీదికిని బోవుటయే దాని విద్య. కుట్టు పొడవు పావు అంగుళమున కించుక హెచ్చైనను తప్పులేదు. అన్నియు సమానముగా నుండుట ముఖ్యము. కొందఱు అంచునుండి మొదలిడి చతురముగా దిరిగి నడుమకు వత్తురు. కొందఱు నిలువువరుసలు తీయుదురు. క్రొత్తగా నేర్చువారు నడువరుసను ముందుగా గుట్టి, దానికి అటొకటి యిటొకటిగా సాగుట మేలు. పొరలు రెండు దిక్కులకును సమముగా సర్దుకొనును.

దారము గుడ్డకంటె బలమైనదై యుండరాదు. పాతనూలుగుడ్డను పాలిస్టరుదారముతో గుట్టినచో ఆ దారము తెగదు, గుడ్డనే కోయును. నూలుదారము రెండుపేటలు చాలును. ఒకమాఱు మూరన్నరకు మించి దారము తీసికొనరాదు. పొడుగుదారము ముడిపడును, పోగులు విడును, చేయి నొచ్చును. దారమును తేనెమైనపు ముద్దపై ఒకసారి లాగి, వ్రేళ్లనడుమ దువ్వినచో చిక్కుపడక, తేమను త్వరగా బీల్చక యుండును. కొండతేనెకు పేరుపొందిన ఈ ప్రాంతమున మంచి మైనము దొఱకుట కష్టము గాదు. పైన జెప్పిన ఇద్దఱి బొంతకు నాలుగు సెంటీమీటర్ల యెడమున యాబదియయిదు వరుసలు పట్టును. కుట్టులో దిగు భాగమును గలుపుకొన్నచో ఇంచుమించు నూటయేబది మీటర్లు, రెండుపేటలైనచో మూడువందల మీటర్ల దారము కావలెను. సగములో దారము చాలక, సంత వచ్చు దినమునకై వేచియుండకుండ ఈ లెక్క ముందే చూచుకొనుడు.

ముడి పైకి గానరాకుండ రెండుపొరలనడుమకు లాగివేయవలెను. పైనున్న ముడి ఉతుకులో మొదట విడును. పసిబిడ్డ వంటికిని ఒత్తుకొనును. ఇంటిలోని ముసలమ్మగారికి కుట్టుపై మక్కువయున్నను సూదిలో దారమెక్కించు చూపుండదు. ఉదయము వెలుతురున అయిదాఱు సూదులలో దారమెక్కించి యుంచినచో ఆమె దినమంతయు ఎవరిని అర్థింపకుండ పని చేసికొనును. ఆమెకు అంతకంటె గావలసిన గౌరవ మేమున్నది?

సూది పోషణ

చేతిసూదులకు అంకె పెరిగినకొలది సూది సన్నమగును. యంత్రపు సూదులకు అంకె పెరిగినకొలది లావగును. ఈ భేదము తెలియక దుకాణమున పొరపడువారు పెక్కండ్రు. బొంతకు 5 మొదలు 7 వఱకు అంకెగల చేతిసూదులు తగును. పొరలు దళసరిగా నున్నవని దబ్బనమును వాడరాదు. అది పోగులను ద్రెంచి రంధ్రములు చేయును. నడిమివ్రేలికి దర్జీలు తొడుగు లోహపు టోపిని, అనగా అంగుస్తానాను, అలవాటు చేసికొనుడు. మొదటి రెండుదినములు అడ్డముగా దోచును. మూడవదినమున అది లేక కుట్టలేము.

మన్యమున సూదికి పరమశత్రువు త్రుప్పు. వర్షర్తువున నిప్పు రాజుకొనక గృహిణి పడు పాట్లను ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు వర్ణించెను. ఆ తేమయే సూదిని దినును. చెమటచేతితో గుట్టిన సూదిని తుడువక గుచ్చిపెట్టరాదు. ఉన్నిగుడ్డముక్కపై ఒకచుక్క మిషన్ నూనె పూసి, దానిలో సూదులను గుచ్చి, బిగువుమూతగల డబ్బాలో నుంచుడు. మందుసీసాలలో వచ్చు తేమను బీల్చు చిన్నపొట్లములను పాఱవేయక ఆ డబ్బాలో నుంచుట మంచిది, కాని అవి పిల్లల నోట బడకుండ జూడవలెను. కొంచెము త్రుప్పుపట్టిన సూదిని కురువిందపుపొడి నింపిన చిన్న దిండులో పదిమాఱులు గుచ్చి తీసినచో నునుపెక్కును. ఆంగ్లేయులు ఈ రాతిని కోరండ మనుట మన దక్షిణాదిభాషల మాటనుండి వచ్చినదే. గుంటలు పడిన సూదిని మాత్రము దాచుకొనరాదు. అది ప్రతికుట్టునను పోగును ద్రెంచును.

సూదుల లెక్క మఱువరాదు. పని మొదలుపెట్టునపుడు ఎన్ని దీసితిమో, ముగించునపుడు అన్ని డబ్బాలో చేరవలెను. దీపములు పెట్టిన పిమ్మట సూదిని ఇచ్చిపుచ్చుకొనరాదని పెద్దలందురు. దీనిని మూఢవిశ్వాసమని నవ్వువారు కలరు. మసకవెలుతురున చేయి జాఱిన సూది కానరాదనియు, తెల్లవాఱినదాక అది ఎవరి పాదమునకో కాచుకొనియుండుననియు తెలిసినవారే ఆ మాట యనియుందురు. బొంతపని నేలపై జరుగును. పిల్లలు ఆ నేలపైనే ప్రాకుదురు. ఒక్కసూది తక్కువైనను బొంతను మడువరాదు. అయస్కాంతపు ముక్కను దారమునకు గట్టి నేలపైనను, బొంతపైనను ఈడ్చినచో సూది దొఱకును. కాలిలో దిగి విఱిగినచో ఇంట గెలుకక ఆరోగ్యకేంద్రమునకు బోయి తీయించుకొనవలెను. త్రుప్పుసూది గుచ్చుకొన్నచోట సబ్బునీటితో గడిగి, ధనుర్వాతమునకు టీకా యెప్పుడు వేసిరో వైద్యునికి జెప్పవలెను.

విఱిగిన సూదులను చెత్తలో వేయరాదు. మూతగల డబ్బాలో వేసి, నిండినపిదప మూతబిగించి పూడ్చుట మేలు. జపానుదేశమున ఫిబ్రవరి 8వ తేదీన విఱిగిన సూదులను మెత్తని సోయాపాల జున్నులో గుచ్చి, ఇన్నాళ్లు చేసిన కఠినసేవకు వానికి విశ్రాంతి యని నమస్కరించు ఆచారము గలదు. మహానవమినాడు కత్తెరకును, కుట్టుయంత్రమునకును కుంకుమబొట్టు పెట్టు మనకు ఆ భావము క్రొత్త గాదు.

కత్తెర, కొలతటేపు

గుడ్డకత్తెరతో కాగితము, కొబ్బరిపీచు, పిల్లల జుట్టు కోయరాదు. కాగితములోని ఖనిజపుపొడి పదునును తినివేయును. ఇంటిలో రెండు కత్తెరలుంచి, గుడ్డకత్తెర పిడికి ఎఱ్ఱదారము చుట్టినచో పిల్లలకును గుర్తుండును. పని ముగియగానే పొడిగుడ్డతో తుడిచి, మరయున్నచోట ఒక్కచుక్క నూనె వేసి, నాలుగుమాఱులు తెఱచి మూసి, మిగిలిన నూనెను తుడిచివేయవలెను. సానపట్టువానికి ఇచ్చునపుడు లోపలి చదునుముఖమును ముట్టవలదని చెప్పుడు. రెండు అలుగులు ఒరసికొను ఆ ముఖము అఱిగినచో నడుమ సందేర్పడి గుడ్డ కోయబడక మడతపడును. పదును వాలుముఖమునకే పెట్టవలెను. క్రిందపడిన కత్తెరను తడిగుడ్డపై మొదలునుండి కొనవఱకు కోసి చూడుడు. కొన కూడ కోసినచో చెడలేదన్నమాట.

గుడ్డటేపు కాలక్రమమున సాగును. ఏడాదికొకమాఱు కఱ్ఱస్కేలుతో సరిపోల్చి, సాగినదానిని విడువవలెను. దానిని చుట్టియుంచవలెనుగాని మడిచి యుంచరాదు.

కుట్టుయంత్రము

అమెరికాలో ఎలయాస్ హోవే 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను కుట్టుయంత్రమునకు పేటెంటు పొందిరి. యంత్రములను విమర్శించిన గాంధిమహాత్ముడు 1924లో ఒక సంభాషణమున కుట్టుయంత్రమునకు మినహాయింపు నిచ్చెను. భార్య పడుచున్న శ్రమను జూచి ప్రేమచే నొకడు చేసినది యని ఆయన దానిని మెచ్చెను. అట్టి యంత్రము నేడు మారుమూల గ్రామమునను గానవచ్చుచున్నది. ఒక స్త్రీ సంపాదనకు అది ఆధారమైనచో దాని పోషణ ఇంటి సేద్యమంత ముఖ్యము.

వంటనూనెను యంత్రములో బోయరాదు. నువ్వులనూనెయు, ఆముదమును గాలికి జిగురై మరలను బట్టివేయును. కొబ్బరినూనె 24 డిగ్రీల దాపుననే గడ్డకట్టును. అరకు చలిలో ఉదయమున యంత్రము కదలకుండుటకు అదియే కారణము కావచ్చును. పలుచని మిషన్ నూనెనే, ఒక్కొక్క రంధ్రమున ఒక్కచుక్క చొప్పున వేసి, ఊరకగుడ్డపై కొంతసేపు త్రొక్కి, కారిన నూనెను తుడిచి, తరువాతనే మంచిగుడ్డ పెట్టవలెను. పాతజిగురు పట్టినచో ఆ చోటుల కిరసనాయిలు చుక్కలు వేసి ఒకరాత్రి యుంచి, తుడిచి, మరల నూనె వేయుడు. ఆ పని పొయ్యికి దూరముగా జేయవలెనని వేఱుగా జెప్పనక్కఱలేదు.

సూదిక్రింది పండ్లనడుమను, బాబిను గూటిలోను నూలుధూళి చేరి తేమకు గట్టిపడును. వారమునకొకసారి పలకను విప్పి మెత్తని కుంచెతో దులుపుడు. నోటితో ఊదినచో ఊపిరితేమ లోహమునకు దగిలి త్రుప్పును బిలుచును. యంత్రపుసూదిని గాజుపలకపై చదునువైపు ఆనించి చూచినచో వంకర తెలియును. వంకరసూది బాబినుగూటిని గీచి చెఱచును. అయిదుపొరల బొంతకు 16 లేక 18 అంకె సూదిని బెట్టి, జోడింపు కుట్టుపై వచ్చినపుడు చక్రమును చేతితో ద్రిప్పవలెను. పని లేనపుడు గుడ్డముక్కపై పాదమును దించి, ముసుగు కప్పి, తడిగోడకు జానెడు దూరముగా నుంచుడు.

ఉతుకుట, దాచుట

బొంతను చలికాలము ముగియగానే ఉతికి దాచవలెను. మాసి దాచినదానిని పురుగు వెదకికొని వచ్చును. కుంకుడుకాయల పులుసు మన గుడ్డలకు మృదువైనది. అడవిలో దొఱకునది, గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేయు వస్తువులలో నొకటి. ఇంటిలో నెవరికైన గజ్జియున్నచో ఉడుకునీటిలో నుతికి మండుటెండలో రెండువైపుల నాఱవేయవలెను. ఎండ లేని దినములైనచో బొంతను సంచిలో బిగించి, ఎవరును దాకకుండ వారము దినములు ప్రక్కన నుంచుడు. ఆ పురుగు మనుష్యశరీరమును విడచి సాధారణముగా మూడుదినములకు మించి జీవింపజాలదు. వాడుచున్న దినములలో ఎండ కనబడినప్పుడెల్ల బొంతను వెలికి దీసి, తిరగవేసి, కఱ్ఱతో దట్టి దులుపుట చాలును.

ఇచ్చట ఒక విషయమును గట్టిగా హెచ్చరింపవలసియున్నది. కలరాఉండలని మనమనునవి నాఫ్తలీను గోళములు. జి.6.పి.డి. యను పదార్థము రక్తమున తక్కువగా నుండు శిశువులు, ఆ గోళములతో దాచిన బట్టలను కప్పుకొన్నంతమాత్రమున రక్తకణములు విచ్ఛిన్నమై తీవ్రమైన కామెర్లకు లోనగుదురు. మలేరియా చిరకాలముగా నెలకొన్న ప్రదేశముల జనులలో ఈ లోపము హెచ్చుగా గానవచ్చుననియు, చూచుటకు శిశువు ఆరోగ్యముగానే యుండుననియు వైద్యులు చెప్పుదురు. మన్యము అట్టి ప్రదేశమే. కావున పసిబిడ్డ కప్పుకొను బొంతలో ఈ గోళముల నెన్నడు నుంచరాదు. ఎండిన వేపాకు చాలును; వాడుటకు ముందు దులిపి ఎండబెట్టవలెను. తెలియక ఉంచినవారు ఉతికి, పలుదినములు ఎండలో వేసి, వాసన పూర్తిగా పోయినగాని బిడ్డపై వేయరాదు. బిడ్డ కన్నులు పచ్చబడినను, మూత్రము టీరంగు దిరిగినను, నాటుమందులకై కాలయాపనము చేయక వెంటనే ఆసుపత్రికి జేర్పవలెను.

మఱియొకటి. ఎంత చలియైనను అయిదుపొరల బొంతను శిశువు ముఖమువఱకు లాగరాదు. దాని బరువున ఊపిరి యాడదు. శిశువునకు మొదటి వెచ్చదనము తల్లి గుండెయే. తలకు టోపి వేసి, ఒంటికి ఒంటి ఆనునట్లు రొమ్మున జేర్చుకొని, తల్లి వీపునకు బొంత చుట్టుకొన్నచో ఇద్దఱికిని అది రక్షయగును.

అమ్మమ్మ జరీలేని పంచెకంచు, అక్క పెండ్లికి ముందు కట్టిన లంగా, తండ్రి బడికి గట్టిన ధోవతి ఒక్కచోట జేరి, ఎవరి పేరును జెప్పకయే ఎల్లరిని కప్పునది బొంత. దానిని కప్పుకొనుట బీదతనము గాదు. ఉన్నదానిని వ్యర్థము కానీయని ఇంటి మర్యాద. ఈ కార్తికమునకు ముందే మీ పెట్టెలలోని పాతచీరలను వెలుతురునకు ఎత్తిపట్టి చూడుడు. మీ ఇంటి బొంత పూర్తియైన పిదప నాలుగుచీరలు మిగిలినచో, పురిటికి సిద్ధముగా నున్న పొరుగింటి యామెకు ఒక చిన్నబొంత కుట్టి పంపుడు. ఆ ఋణము ఏ లెక్కలోను వ్రాయనక్కఱలేదు. ఆ బిడ్డ చలిరాత్రి హాయిగా నిదురించుటయే దాని చెల్లుబాటు.